ఏడు కాపీలు

నలభై ఒకటి. ఇందాక చూసినప్పుడూ నలభై ఒకటే. పొయ్యి మీది పాలకీ తెర మీది ఈ అంకెకీ ఒకటే బుద్ధి, కళ్ళప్పగించి చూస్తున్నంతసేపూ కదలవు. అందుకని తల తిప్పుకుని కూర్చున్నాను. అద్దాల తలుపుకి అవతల సర్వర్ రూము, అందులో నిలువెత్తు ఇనప బీరువా, బీరువా నిండా వెలిగి ఆరి వెలిగే ఆకుపచ్చ చుక్కలు, ఫ్యాన్ల ఎడతెగని హోరు. ఇవతల నేను, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరో నర్సు జాలిపడి ఇచ్చిన నీలం స్వెట్టరు, ఒళ్ళో లాప్‌టాప్. మధ్యాహ్నం రెండు దాటింది. పెద్ద డాక్టరుగారు మూడింటికి వస్తానన్నారు, ఆవిడ వచ్చేసరికి ఈ అంకె నూరైతే బతికాం, కాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు, నన్ను పిలిపించిందేమో నాకు తెలుసని. సర్వర్ కన్సల్టెంటు అని నా కార్డు మీద ఉంటుంది. అంటే ఇల్లు తగలబడ్డాక వచ్చి, బావి ఎక్కడ తవ్వుకుని ఉంటే బాగుండేదో చెప్పి, టీ తాగి వెళ్ళిపోయే మనిషని మా ఆయన అందరికీ చెప్తుంటాడు. చెప్పి తనే నవ్వుతాడు. ఇవాళ పొద్దున మాత్రం నవ్వలేదు, నా మొహం చూసి స్కూటరు తాళం చేతిలో పెట్టి ఊరుకున్నాడు.

ఇది చెవి వినపడని పిల్లల కోసం పెట్టిన కేంద్రం. ఆర్నెల్ల పసివాళ్ళ దగ్గర్నుంచి పదిహేనేళ్ళ వాళ్ళ వరకూ రెండు వేల పైచిలుకు పిల్లలు. మూడు నెలలకోసారి వస్తారు, పరీక్ష చేయించుకుంటారు, ఏ శబ్దం ఎంత సన్నగా ఉన్నప్పటిదాకా వినపడిందో గ్రాఫు గీస్తారు, ఆ గ్రాఫుని బట్టి వాళ్ళ చెవి మిషన్లు సరిచేస్తారు. పదకొండేళ్ళ గ్రాఫులు, అన్నీ ఆ బీరువాలోనే. రోజూ వాటికో కాపీ తనంతట తనే తీసి పక్కన పెడుతుంది సర్వరు, ఎనిమిదో రోజు కాపీ రాగానే మొదటి రోజుది చెరిపేస్తుంది. ఎప్పుడు చూసినా ఏడు కాపీలుంటాయి. పన్నెండు రోజుల కిందట ఆ బీరువాలో ఒక డిస్కు పుచ్చడం మొదలెట్టింది, వంకాయ పుచ్చినట్టే, పైకి నిగనిగలాడుతూ. పిల్లల పేర్లు వరసగా కనపడుతూనే ఉన్నాయి, తెరిస్తే మాత్రం లోపల పిచ్చిరాతలు. వచ్చిన పిల్లలకి కొత్త గ్రాఫు చేరుస్తారు గానీ పాతవి రోజూ ఎవరు తెరిచి చూస్తారు. మొన్న ఎవరో నర్సు తెరిచి చూసేసరికి, ఏడుకి ఏడు కాపీలూ పుచ్చిపోయిన సరుకుకి శ్రద్ధగా తీసిన కాపీలే అయ్యాయి. మిగిలిందల్లా ఒక్కటి. నలభై రోజుల కిందట ఈ బీరువాని కింది అంతస్తు నుంచి పైకి మార్చినప్పుడు, మోసేటప్పుడు పడితే ఎలా అని ఎవరో విడిగా తీసి, బ్రౌన్ కవర్లో పెట్టి, సొరుగులో పడేసి మర్చిపోయిన డిస్కు. దాన్నే ఇప్పుడు తిరిగి ఎక్కిస్తున్నాం. అది చదవగలిగినంత చదువుతుంది, ఆగుతుంది, మళ్ళీ చదువుతుంది, ముసలి కళ్ళతో పేపరు చదివే మనిషిలాగా.

నలభై మూడు. పక్కన స్టూలు మీద ముని. ఇక్కడి సర్వర్లన్నీ చూసుకునేది అతనే. ఆరేళ్ళ కిందట నా క్లాసులో నలభై రోజులు కూర్చుని నోరు విప్పలేదు, పక్కవాళ్ళు ముని అని పేరు పెట్టారు, నాకూ అదే నోటికి అలవాటైంది. ఇప్పుడు ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, చెంపల దగ్గర జుట్టు నెరుస్తోంది, అయినా నాకు మునే. చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం. నేనడగలేదు, పొద్దున తనే చెప్పాడు, తప్పు నాదే అని ఒప్పుకుంటూ రాజీనామా అట, మూడింటికి డాక్టరుగారి చేతికిస్తాడట. ఒళ్ళో నా పుస్తకం. క్లాసులో అందరికీ పంచే అరవై నాలుగు పేజీల పుస్తకం, నేను రాసిందే. పాత కేలండరు కాగితంతో అట్ట వేసుకున్నాడు, అట్ట మీద ఆరేళ్ళ నాటి ఒక నెల, ఆ నెలలో ఎవరో రెండు తారీఖులకి సున్నాలు చుట్టారు.

"మేడం," అన్నాడు ఇందాక, "నిన్నటి నుంచి మూడుసార్లు చదివాను. ఇందులో ఎలా ఉందో అలాగే చేశాను. నాకు అర్థం కావడంలోనే ఎక్కడో పొరపాటు పడుంటాను. ఎక్కడో మీరు చూసి చెప్తారా?"

"చూద్దాంలే. ముందిది కానీ," అన్నాను.

చూడక్కర్లేదు, నాకు తెలుసు. కళ్ళు మూసుకున్నా ఆ పేజీ కనపడుతుంది, పేజీ నంబరుతో సహా. ముప్పై ఎనిమిది. ఇందాకటి నలభై ఒకటి ఉందే, అది నేను ఆ పుస్తకం రాసిన వయసు. పనిలేని బుర్ర కదా, శాతాల్ని ఏళ్ళుగా లెక్కేసుకోవడం మొదలెట్టింది, వద్దన్నా మానడం లేదు. నలభై ఒకటో ఏట, వంటింటి బల్ల మీద, పది రోజుల సెలవులో. ఇటు కుక్కరు కూత, అటు నా టకటక. క్లాసులో ప్రాక్టీసు మిషన్లకి చిన్న చిన్న డిస్కులుండేవి, ఏడు కాపీలు పట్టేవి, ఎనిమిదోది పెడితే నిండిపోయి మొరాయించేవి. అందుకని ఏడు అని రాశాను. ఆ ఏడుకి అంతకు మించి శాస్త్రం లేదు. కింద ఒక వాక్యం కూడా రాశాను, అక్షరం అక్షరం గుర్తుంది, ఈ అంకె అభ్యాసం కోసం మాత్రమే, అసలు పనిలో అవసరాన్ని బట్టి పెంచుకోవాలి అని. ఆ వాక్యం వల్ల రెండు వరసలు తరవాతి పేజీ మీదికి జారాయి, అది ఇంకో పేజీని తోసింది, అలా తోసుకుంటూ తోసుకుంటూ మొత్తం అరవై అయిదు పేజీలయ్యాయి. ప్రెస్సాయన ఫోన్ చేసి, అరవై నాలుగు దాటితే ఇంకో ఫారం కలపాలమ్మా, ఫారం అంటే పదహారు పేజీలు, ఒక్క పేజీ రాత కోసం పదిహేను తెల్ల పేజీలు కుట్టమంటారా అన్నాడు. రెండు వరసలే కదా అని ఆ వాక్యం కొట్టేశాను. చదివినవాడికి ఆమాత్రం తెలీదా అనుకున్నాను. కుక్కరు మూడో కూత వేసింది, లేచి పొయ్యి కట్టేశాను.

ఎలా తెలుస్తుంది, తెలియనివ్వకుండా చేసింది నేనే అయినప్పుడు. ప్రతి బ్యాచికీ మొదటిరోజు నా మొదటి మాట ఒకటే, మొదటి ఏడాది సొంత తెలివి ఇంట్లో పెట్టి తాళం వేసుకుని రండి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టండి, చుక్క కూడా నన్నడిగే పెట్టండి. నవ్వేవాళ్ళు. భోజనాలయ్యాక క్లాసు, కిటికీ తెరల్లోంచి పసుప్పచ్చ ఎండ, సగం కళ్ళు మూతలు, ఆ మగతలోనే ఇరవై మంది ఒకేసారి ఎంటర్ నొక్కితే రేకుల కప్పు మీద తొలి చినుకులు పడ్డట్టుండేది. ఎంటర్ నొక్కే ముందు మిషను పేరు పైకి చదవాలని నా నియమం, ఏ మిషను మీద ఉన్నారో తెలియకుండా చెయ్యి ఆడించొద్దని. పుస్తకంలో ఉదాహరణకి నేను పెట్టిన పేరు పిచ్చుక. ఇరవై గొంతులు పిచ్చుక, పిచ్చుక, పిచ్చుక. మునివి పెదాలు మాత్రం కదిలేవి. ఆ తరవాత ఏళ్ళకి ఎక్కడో ఒక ఫ్యాక్టరీకి కన్సల్టింగుకి వెళ్తే వాళ్ళ అసలు సర్వరు పేరు పిచ్చుక. ఇంకో ఏడాది ఒక గ్రంథాలయంలో పిచ్చుక. ఇంకోచోట స్టోర్సులో పిచ్చుక, పిచ్చుక రెండు, పిచ్చుక మూడు. చూశారా నా శిష్యులు అని మా ఇంట్లో విందుకి వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోయాను. పేరుని మార్చనివాడు అంకెని మారుస్తాడా అని ఒక్కసారైనా తట్టలేదు నాకు. ఈ సర్వరు పేరు మాత్రం పిచ్చుక కాదు, ముని తన పెద్ద కూతురి ముద్దుపేరు పెట్టుకున్నాడు. అంతమాత్రం సొంత తెలివి వాడాడు, దానికే ఇందాక నాకు సంజాయిషీ చెప్పాడు.

నలభై అయిదు. ఈ అంకె మీద ఆగకపోతే బాగుండును. ఆగింది. మూడేళ్ళ కిందట ఒక కొత్త బ్యాచిలో వెనక వరస నుంచి ఒకామె చెయ్యెత్తి, ఏడే ఎందుకు మేడం అంది. అంతే, ఇంకేం అనలేదు, నిజంగా తెలీక అడిగింది. మర్నాడు చెప్తానని టీ బ్రేక్ ఇచ్చేశాను. ఆ సాయంత్రం పుస్తకం ముందేసుకుని కూర్చుంటే అప్పుడు తట్టింది, ఎనిమిది రోజులు ఎవరూ చూసుకోకపోతే అయిపోయినట్టే కదా, ఈ మాట ఎలా పడనిచ్చాను అని. తొంభై అని దిద్దాను, నెలకో కాపీ వేరే ఊళ్ళో పెట్టాలని కలిపాను, కొత్త ముద్రణ వేయించాను. అప్పటికే మొదటి ముద్రణ పుస్తకాలు చేతుల్లో పెట్టుకుని బయటికెళ్ళిన వాళ్ళు మూడు వందల పన్నెండు మంది. వాళ్ళందరికీ ఒక ఉత్తరం రాద్దామనుకున్నాను. రేపు అనుకున్నాను. అదే నెలలో నా పుస్తకాన్ని శిక్షణా సంస్థ వాళ్ళు అన్ని కేంద్రాలకీ తీసుకుంటామన్నారు, పెద్దాయన కరచాలనం చేసి, ఒక్క తప్పు లేదండీ మీ పుస్తకంలో, ఎంత చక్కగా ఉందీ అన్నాడు. ఆ చెయ్యి వదిలించుకుని వెళ్ళి ఆ ఉత్తరం రాయలేకపోయాను. రేపు ఎల్లుండైంది, ఎల్లుండి మూడేళ్ళయింది. పిరికితనానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు పని ఒత్తిడి.

నలభై ఎనిమిది, ఇదీ నేను ఇప్పుడున్న వయసు. ఇక్కణ్ణుంచి నాకు తెలియని ఏళ్ళు. నలభై తొమ్మిది. యాభై. కాళ్ళు తిమ్మిరెక్కితే లేచి నడవా చివరిదాకా నడిచాను. అక్కడ పరీక్ష గదికి ఒక కిటికీ ఉంది, మందపాటి అద్దం. లోపల నాలుగేళ్ళ పిల్ల, చెవులకి తన తల కన్నా పెద్ద హెడ్‌ఫోన్లు, ముందు ఒక ప్లాస్టిక్ బుట్ట, చేతిలో చెక్క దిమ్మ. శబ్దం వినపడితే దిమ్మ బుట్టలో వెయ్యాలి, అదీ ఆట. దిమ్మని చెంపకి ఆనించుకుని, కనురెప్ప కూడా కొట్టకుండా ఎక్కడో చూస్తోంది. పరీక్ష చేసే అమ్మాయి మీట తిప్పుతోంది, ఏ శబ్దం పంపుతోందో ఇవతలికి వినపడదు. పిల్లకీ వినపడుతోందో లేదో తెలీదు. నేనూ ఊపిరి బిగబట్టాను. ఎంతసేపో. పిల్ల మొహంలో ఏదో సన్నగా మెదిలింది, దిమ్మ బుట్టలో పడింది, వాళ్ళమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ దిమ్మ పడిన చోట గ్రాఫులో ఒక చుక్క పడుతుంది. పదకొండేళ్ళుగా రెండు వేల మంది పిల్లలు ఇలా ఊపిరి బిగబట్టి వేసిన చుక్కలు అవన్నీ. నేను రెండు వరసలు కొట్టేసినప్పుడు ఈ పిల్ల ఇంకా పుట్టలేదు.

తిరిగొచ్చి కూర్చునేసరికి అరవై మూడు. గబగబా నడిచిందే అని సంతోషించినంతసేపు పట్టలేదు, అరవై మూడు దగ్గర కొయ్యబారిపోయింది. ముని లేచి నిలబడ్డాడు. బీరువా హోరులో డిస్కు టిక్కు టిక్కుమంటోంది, చదవబోయి వెనక్కి వచ్చి, మళ్ళీ చదవబోయి. ముట్టుకోకు, దాని దారిన దాన్ని పోనీ అన్నాను. అరవై మూడు అంటే అమ్మ పోయిన వయసు. అమ్మ టైలరు, చుట్టుపక్కల ఆడపిల్లలకి కుట్టు నేర్పేది. పాత పేపరు మీద గీసి కత్తిరించిన నమూనా ఒకటి మేకుకి వేలాడేది, దాన్ని గుడ్డ మీద పరిచి ఎవరికివాళ్ళు కత్తిరించుకోవడమే. ఒకసారి ఆ నమూనాలో చంక దగ్గర అంగుళం తక్కువ గీసింది. అందరి చొక్కాలూ చంకల్లో పట్టేసి, చెయ్యెత్తితే పర్రుమన్నాయి. అమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, గుడ్డ మంచిది కాదే, తడిపితే ముడుచుకుపోయింది, ఏ షాపులో కొన్నారు అని వాళ్ళనే గదమాయించింది. వాళ్ళు తలలొంచుకుని, అవునత్తా, చవకరకం తెచ్చాం అని ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం అమ్మ తలుపేసుకుని, నమూనాకి అంగుళం ముక్క జిగురుతో అతికించింది. నాకప్పుడు పదేళ్ళు, పక్కనే కూర్చుని జిగురు డబ్బా పట్టుకున్నాను. అమ్మ నా వైపు చూడలేదు, నేనూ అడగలేదు. గడుసుదని మనసులో మెచ్చుకున్నాను కూడా. అందులో ఒకమ్మాయి ఆ తరవాత మళ్ళీ కుట్టుకి రాలేదు, నాకు చేతకాదులే అందట. అమ్మా, ఆ పిల్ల ఏమైందే. మిషను తొక్కుతూనే ఉంది అమ్మ, చక్రం గిర్రున తిరుగుతోంది, సూది పడి లేస్తోంది, టిక్కు టిక్కు టిక్కు, గుడ్డ అవతలి వైపు నుంచి తెల్లగా, రాత లేని కాగితాలుగా వచ్చి పడుతోంది, పదిహేను.

"మేడం, కునుకు పట్టిందా?"

ముని. అంకె అరవై తొమ్మిది. కదిలిందన్న మాట. అతను స్టూలు దగ్గరికి లాక్కుని, జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు.

"మీరొకసారి దిద్దిపెడతారా? నాకు రాత సరిగ్గా రాదు. డాక్టరుగారి ముందు తప్పులుంటే బాగుండదు."

తీసుకున్నాను. క్లాసులో పరీక్ష పేపరు తీసుకున్నట్టే కుడిచేత్తో, రెండో చెయ్యి పెన్ను కోసం అలవాటుగా పోయింది. గుండ్రటి రాత, గీతలు లేని కాగితం మీద కూడా తిన్నగా పోయిన వరసలు. నా నిర్లక్ష్యం వల్ల, అని ఉంది మొదటి వరసలో. నా అవగాహనా లోపం వల్ల, అని మూడో వరసలో. పిల్లలకి జరిగిన నష్టానికి నాదే పూర్తి బాధ్యత. ఒక్క అక్షరం తప్పు లేదు. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర పెన్ను ఆగి, సన్నటి చుక్క పడింది.

"నిర్లక్ష్యం కాదు," అన్నాను.

"మరేం రాయాలి మేడం?"

చెప్పు, ఇప్పుడే చెప్పు. ఎవరూ లేరు, అతనూ నువ్వే. ఎన్ని వందల గంటలు మాట్లాడి బతికిన నాలిక ఇది. అతను మర్యాదగా ఎదురు చూస్తున్నాడు, ఆరేళ్ళ కిందట చూసినట్టే, మేడం ఏదో ఒకటి చెప్తుంది, చెప్పింది రాసుకుందామని. వీడికి ఇద్దరు పిల్లలు, ఈ కాగితం ఇచ్చాక ఇంకెక్కడా సర్వరు ముట్టుకోనివ్వరు. నేను నోరు మెదపకపోతే చాలు, ఇంటికెళ్తాను, మా ఆయన అన్నం పెట్టుకుని కూర్చుని ఉంటాడు, ఏమైందోయ్ అంటాడు, గట్టెక్కించాను అంటాను, అది అబద్ధం కూడా కాదు. ఎంత తేలిక. అమ్మకెంత తేలికైందో నాకు ఇవాళ తెలిసింది. కాగితం మడిచి అతని చేతిలో పెట్టేసి, నీళ్ళు తెస్తావా అన్నాను. తెచ్చాడు. తాగాను. డెబ్బై ఏడు. ఎనభై రెండు. నేను బతకబోని ఏళ్ళన్నీ ఒకదాని వెంట ఒకటి చకచకా నడిచిపోతున్నాయి, తొంభై, తొంభై నాలుగు, ఆ వయసులో కళ్ళు కనపడవు, చెవులు వినపడవు, ఎవరైనా దిమ్మ ఒకటి చేతికిచ్చి బుట్ట ముందు పెడతారేమో. తొంభై తొమ్మిది. మూడుకి నాలుగు నిమిషాలుండగా నూరు.

పెద్ద డాక్టరుగారు వచ్చారు. అరవై ఏళ్ళావిడ, ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి, పెదాలు బాగా కదుపుతూ మాట్లాడతారు, వినపడని పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ వచ్చిన అలవాటు. ఏదో ఒక పేరు తెరవమన్నారు. తెరిచాను. గ్రాఫు. చుక్కలూ, చుక్కలు కలిపిన గీతా, ఎడమ నుంచి కుడికి మెట్లు దిగినట్టు. ఇంకోటి అన్నారు. ఇంకోటి. పదో గ్రాఫు దగ్గర ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ నలభై రోజులవి?"

"అవి పోయినట్టేనండి. ఎనిమిది వందల పైచిలుకు పిల్లలు."

"పిలిపించి మళ్ళీ చేస్తాం. అమ్మానాన్నలు తిడతారు. పడతాం," అన్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. "సరే. అసలు ఎవరి పొరపాటు?"

ముని చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళింది. కాగితం చప్పుడైంది.

"నాదండి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పుస్తకం మునిదే తీసుకున్నాను, ముప్పై ఎనిమిదో పేజీ దానంతటదే తెరుచుకుంది, అన్నిసార్లు తెరిచాడు. ఏడు అని రాసింది నేను. పెంచుకోవాలన్న వాక్యం తీసేసింది నేను. తప్పని తెలిసి, కొత్త పుస్తకంలో దిద్దుకుని, పాతవాళ్ళకి చెప్పకుండా దాచింది నేను. ఇతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. చెప్పడం అయిపోయేసరికి ఒళ్ళంతా తేలికైపోయింది, ఇంక తిడతారు, తిట్టించుకుంటాను, అయిపోతుంది అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి, కాస్త హాయిగానే.

ముని నన్నే చూస్తున్నాడు. "మీకు ముందే తెలుసా మేడం?"

"తెలుసు. మూడేళ్ళుగా."

"నేను మూడుసార్లు చదివాను," అన్నాడు. అంతే అన్నాడు. ఆ కాగితాన్ని మళ్ళీ జేబులో పెట్టుకోలేదు, చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

డాక్టరుగారు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కో మాటా విడదీసి అడిగారు. "ఇది ఇంకా ఎంతమంది దగ్గరుంది?"

నా తేలికదనం అక్కడితో సరి. అంతసేపూ నేను చెప్తానా లేదా, నా పరువు ఉంటుందా పోతుందా అని నా చుట్టూ నేనే తిరిగాను, ఈ ప్రశ్న మాత్రం నాకు రాలేదు. "మూడు వందల పన్నెండు మంది దగ్గరండి," అన్నాను.

"మరి నా ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటారేం? వాళ్ళకి రాయండి. ఇప్పుడు," అని లేచి, పరీక్ష గదిలో పిల్లలు ఎదురు చూస్తున్నారంటూ వెళ్ళిపోయారు.

రాశాను. మూడేళ్ళు రాయలేనిది నాలుగు వాక్యాలే అయింది. మీ సర్వర్లో ఎన్ని రోజుల కాపీలు ఉంటున్నాయో ఇవాళే చూడండి. పుస్తకం ముప్పై ఎనిమిదో పేజీలో ఏడు అని నేను రాసింది తప్పు. ఆ తప్పు నాకు మూడేళ్ళుగా తెలుసు. తొంభైకి మార్చండి, ఎలాగో కింద రాస్తున్నాను. ముని నా భుజం మీదుగా చదువుతున్నాడు. "అక్షరాలు పెద్దవి చెయ్యండి మేడం, చాలామంది ఫోన్లో చూస్తారు," అన్నాడు. చేశాను. పంపాను. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. అయిదు నిమిషాలు ఏమీ లేదు. తరవాత ఒకటి వచ్చింది, ఏడే ఉంది మేడం, ఇప్పుడే మార్చాను. ఆ వెంటనే ఇంకోటి, ఏడే. ఇంకోటి, మాకూ ఏడే మేడం, మీరు కులాసానా. ఏడే. ఏడే. ఒకళ్ళు మాత్రం పద్నాలుగు అని రాశారు, అడక్కుండా మార్చినందుకు క్షమించండి అని. ముని పెన్ను తీసుకుని పాత కవరు వెనక లెక్క రాసుకుంటున్నాడు, జవాబు వచ్చినవాళ్ళకి ఒక గీత.

ఇరవై ఆరో గీత గీశాక ఒకటి వచ్చింది, రెండో బ్యాచి అమ్మాయి నుంచి. ముందు వరసలో కూర్చునేది, ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు చెప్పేది, చేతివేళ్ళు నా కన్నా చురుకు. నమస్తే మేడం అని రాసింది. రెండేళ్ళ కిందట మా ఆఫీసులో అంతా పోయింది. నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను, అందరూ అదే అన్నారు. ఆ పని మానేశాను, మళ్ళీ కంప్యూటరు ముట్టుకోలేదు. పుస్తకం అటక మీద ఎక్కడో ఉండాలి. మా నాన్నకి చూపిస్తాను, ఆ పేజీ నంబరు ఇంకొకసారి చెప్తారా. రెండేళ్ళ కిందట అంటే, నేను తొంభై అని దిద్దుకుని ఊరుకున్న ఏడాది తరవాత. ముని గీత గియ్యడం ఆపి నా వైపు చూశాడు. ముప్పై ఎనిమిది, కింది నుంచి నాలుగో వరస, అని రాసి పంపాను.